ఎడమ పక్క అద్దం

ఈదమ్మ అరచేత్తో రేకు మీద రెండుసార్లు గట్టిగా చరిచింది. రేకు గోడకు అవతల, ఇంజను పక్కన కూర్చున్న కాటమయ్య ఇంజను ఆపాడు. బెల్టు నాలుగు చుట్లు ఊరికే తిరిగి నిలిచింది. ఒక చరుపు అంటే మొదలుపెట్టు, రెండు అంటే ఆపు. పిండి పట్టే గిర్ని తిరుగుతున్నప్పుడు ఆ చప్పుడులో మాట వినపడదు. అందుకని పంతొమ్మిదేళ్లుగా మొగుడూ పెళ్లాల మధ్య ఆ చరుపులే మాటలు.

ఎండ ఇంకా చెట్ల నెత్తి మీదికి రాలేదు. మార్గశిర మాసపు చలి. దోమలపెంటలో బస్సులు ఆగే చోటికి కొంచెం ఇవతల, రోడ్డు పక్కన, చిన్న లారీలాంటి పాత డీసీఎం బండి వెనక తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. దాని ముందు ఐదారుగురు ఆడవాళ్లు చెంగులు తల మీదుగా కప్పుకుని, డబ్బాలూ గంపలూ కాళ్ల దగ్గర పెట్టుకుని నిలుచున్నారు. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"ఎంత సేపే గిర్నక్కా, నీ రాళ్లు గూడ చలికి ముడుసుకున్నయా?" అన్నది ఒకామె.

"నా రాళ్లు మంచిగనే ఉన్నయ్. నీ జొన్నలే తడిగున్నయ్. ఒక్క పూట ఎండ జూపెట్టి తేవాలె గదనే."

"ఎండ ఏడుందక్కా గీ కొండ మీద? సరే, జర మెత్తగ పట్టు. మా అత్తకు పండ్లు లేవు."

"పిండి మెత్తగనే పడ్తది. మీ అత్త నోరు మెత్తగ గాకుంటె మల్ల నన్ననకు."

ఆడవాళ్లు నవ్వారు. ఈదమ్మ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. నాలుగు రోజులుగా ఆమెకు అన్నీ అట్లాగే ఉన్నాయి. ముద్ద నోట్లోకి పోతుంది, గొంతు దిగదు. నిద్ర కళ్లదాకా వస్తుంది, లోపలికి రాదు.

తొట్టిలో పోసిన గింజల్లో మొదటి పిడికెడు గిర్నిది. ఆ పిడికెడు రాళ్ల సందులోనే ఉండిపోతుంది. ఇది ఎవరూ రాసిపెట్టిన కట్టుబాటు కాదు, అందరికీ తెలిసినదే. అందుకే రాగుల వెనక గోధుమలు పట్టించడానికి ఎవరూ ఒప్పుకోరు. మిరపకాయలు అందరికన్నా ఆఖరున వస్తాయి. పని అయిపోయాక ఈదమ్మ రాయి విప్పి, ఈతాకు కుంచెతో సందుల్లోని పిండి ఊడ్చి డబ్బాలోకి ఎత్తుతుంది. జొన్న, మక్క, రాగి, గోధుమ, ఏ ఊళ్లో ఎవరు ఏది పట్టిస్తే అది. రాత్రికి వాళ్ల రొట్టె ఆ పిండితోనే. పంతొమ్మిదేళ్లలో వాళ్లు పిండి కొన్నది లేదు. ఒక్కోసారి మిరపఘాటు తగిలి కళ్ల వెంట నీళ్లు కారేవి. "ఇయ్యాల కూర అక్కర లేదు," అనేవాడు కాటమయ్య.

బండి వెనక భాగంలో గిర్ని. దాని ముందు ఇంజను. ఇంజనుకూ ముందు క్యాబినుకూ మధ్య, రేకు గోడల నడుమ, ఆరడుగుల జాగా. అదే వాళ్ల ఇల్లు. ఒక బల్ల, దాని కింద బియ్యం డబ్బా, నీళ్ల పీపా, బట్టల మూట. బండి కదిలేటప్పుడు ప్రతి వస్తువునూ కట్టాలి. గిన్నెను గిన్నెలో, ఆ గిన్నెను సంచిలో, సంచిని కొక్కేనికి. అన్నం వండిన చోట మర్నాడు మళ్లీ వండింది లేదు. పొయ్యి రాళ్లు ఏ ఊరివి ఆ ఊళ్లోనే వదిలేయాలి.

ఆఖరి డబ్బా పట్టి ఇచ్చాక ఈదమ్మ గిర్ని ఊడ్చి, వెనక తలుపులు మూసి గొలుసు వేసింది. ముందుకు వచ్చి, ఎడమ పక్క అద్దంలో చూసుకుంటూ కనుబొమల మీది పిండి తుడుచుకుంది. జుట్టు విప్పి, దువ్వి, ముడి వేసుకుంది. ఆ పొడుగాటి అద్దం బండి కొన్నప్పటి నుంచీ ఆమెదే. ఒక మూల పగిలి చిన్న పెచ్చు ఊడింది. చుట్టూ ఉన్న రబ్బరు అంచులో పిండి చేరి గట్టిపడింది. సీటులో కూర్చుంటే తన ముఖమూ వెనక రోడ్డూ రెండూ కనిపించేటట్టు కాటమయ్య ఎప్పుడో ఒకసారి దాన్ని వంచి బిగించాడు. మళ్లీ కదిలించలేదు.

"ఎక్కినవా?" అన్నాడతను.

"ఎక్కిన."

అతను స్టీరింగు మీద చేతులు పెట్టి ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. సన్నని మనిషి. చెంపల మీద తెల్లని గడ్డం. చెవి వెంట్రుకల్లో కూడా పిండి. అతని చూపు ఎప్పుడూ ముందుకే ఉంటుంది. చూసినవాళ్లు రోడ్డు మీద ధ్యాస ఉన్న డ్రైవరు అనుకుంటారు.

నిజం వాళ్లిద్దరికే తెలుసు. ఏడాది కింద అచ్చంపేటలో కళ్ల క్యాంపు పెడితే చూపించుకున్నాడు. నీటికాసులు అన్నారు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే ఈ చుక్కలు వేసుకోవాలి, బండి మాత్రం నడపొద్దు అన్నారు. కాటమయ్యకు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కలు లేవు. బొంగు పెట్టి చూసినట్టు రోడ్డు ముక్క ఒకటి గుండ్రంగా కనిపిస్తుంది, చుట్టూ పొగ. దవాఖాన మెట్ల మీద కూర్చుని అతను చుక్కల సీసా మూత తిప్పుతూ ఉన్నాడు. తర్వాత, "నువ్వు పక్క పక్కలు జెప్తవా?" అని అడిగాడు. ఆమె "చెప్త" అన్నది.

అప్పటి నుంచి ఆమె చెప్తోంది. ఎడమ, కుడి, మెల్లగ, సీదా, వెనక బస్సు, కోతులు, బర్రె. రాత్రి బండి తీయరు. వాన పడితే తీయరు. ఎవరికీ చెప్పలేదు. చెక్‌పోస్టు గార్డు భీమయ్యకు కూడా అనుమానం రాలేదు. ఏడాదిలో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది లెక్క తీస్తే ఈ మాటలే ఎక్కువ.

ఇప్పుడు ఆమె గొంతులో ఇంకో మాట ఉంది. అదే దిగడం లేదు.

నాలుగు రోజుల కింద మన్ననూర్‌లో ఆడపిల్లల హాస్టల్ బడికి పిండి పట్టడానికి పోయినప్పుడు సుహాసిని మేడం, ఆమె అక్కడ వార్డెను, బండి వెనకకు వచ్చి నిలబడింది. వంట మనిషి మానేసింది, నువ్వు వస్తావా ఈదమ్మా, అని అడిగింది. తిండి, జీతం, వంటగది పక్కన గది. తీసుకుపోయి గది చూపించింది కూడా. పది అడుగుల గది. సున్నం వేసిన గోడలు. తలుపుకు లోపలి నుంచి గొళ్లెం. గోడకు ఎవరో ఎప్పుడో కొట్టిన మేకు ఒకటి, దాని మీద ఏమీ లేదు. ఈదమ్మ ఆ మేకును చూస్తూ ఉండిపోయింది. మేకు కొట్టుకునే గోడ తనకు జన్మలో లేదు.

"ఒక్క మాట," అన్నది మేడం, మళ్లీ బండి దగ్గరికి వచ్చాక. "ఇది ఆడపిల్లల బడి. ఆవరణలో మగవాళ్లు ఉండటానికి లేదు. మీ ఆయన అయినా సరే. వస్తే గేటు దగ్గర మాట్లాడి పోవాలి. శుక్రవారం సాయంత్రం లోపల చెప్పు. లేకుంటే అచ్చంపేట నుంచి ఇంకొకామె ఎదురుచూస్తోంది."

ఇవాళ శుక్రవారం.

ఆమె దిగితే అతను బండి నడపలేడు. బండి లేకుంటే కాటమయ్య అనే మనిషి లేడు. దిగకుంటే ఆ గది పోతుంది, మోకాళ్లు పట్టేస్తున్న ఈ వయసులో అటువంటిది ఇంకొకటి రాదు. ఎటు తిప్పి చూసినా ఒకరి బతుకు మీద ఇంకొకరు కాలు పెట్టి నిలబడాల్సిందే.

"తియ్యి," అన్నదామె. "కుడికి రోడ్డెక్కు. ఎనక ఎవ్వరు లేరు."

బండి కదిలింది.

దారి అంతా అడవి. మంచు చెట్ల మొదళ్ల దగ్గర ఇంకా తెల్లగా పరుచుకుని ఉంది. రోడ్డు పక్క బోర్డుల మీద మహబూబ్‌నగర్ అన్న చోట నాగర్‌కర్నూల్ అని మార్చి రాసి కూడా ఏళ్లయింది. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, మలుపులు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కాటమయ్యకు అవి తెలుసు. కానీ మలుపు తెలిస్తే చాలదు గదా, మలుపు అవతల ఏం నిలబడిందో తెలియాలి.

కాటమయ్యది కేతేపల్లి. గీత కులం. తండ్రి తాటిచెట్టు మీది నుంచి జారి పడ్డాడు. మూడు రోజులు బతికాడు. చెట్టెక్కే ఆ మోకును కొడుకు ముట్టుకోలేదు. పదహారేళ్లకే నార్కట్‌పల్లి అడ్డా మీదికి పోయి లారీ క్లీనరు అయ్యాడు, తర్వాత డ్రైవరు అయ్యాడు. "చెట్టెక్క భయమని పోయినోడు కొండెక్కిండు సూడు," అని ఊళ్లో నవ్వుతారు. పిల్లలు కలగలేదు. తమ్ముడు లింగస్వామితో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఒకనాడు విత్తనాలు పెట్టే పొద్దున ఈదమ్మ పల్లి విత్తనాల గంప ఎత్తబోతే తోడికోడలు రమ ఆ గంపను పక్కకు లాగింది. "గొడ్డుచెయ్యి తగిలిన ఇత్తు మొలవదక్కా," అన్నది. కోపంగా కాదు, మామూలుగానే అన్నది. ఉప్పు అందుకో అన్నట్టు. ఈదమ్మ ఆ ఇంటి గడప దిగింది, మళ్లీ ఎక్కలేదు. కాటమయ్య నెల తిరగకముందే పాత బండి మీద పాత గిర్ని ఎక్కించి, "నడువ్, ఎవ్వల గడపా లేని జాగకు వోదాం," అన్నాడు. ఆ మాటకు ఆమె పంతొమ్మిదేళ్లు అతని పక్కన కూర్చుంది.

"ఎడమకు," అన్నది. "ఇంకొంచెం. ఆఁ, సీదా."

మలుపు తిరిగారు. కల్వర్టు దాటారు. ఎండ వచ్చి అద్దాల మీద పడింది. ఆమె ఎడమ అద్దంలోకి చూసింది. తన ముఖం, దాని వెనక పారిపోతున్న చెట్లు. ఆ గదిలో కిటికీ ఎటు ఉంది? తూర్పునా? మంచం కిటికీ కింద వేసుకోవచ్చా? పొయ్యి గట్టు మీద గిన్నెలు బోర్లిస్తే పొద్దున్నే అవి అక్కడే ఉంటాయి. వాటిని ఎవరూ కట్టక్కర్లేదు. తెల్లారి లేచి ఇది ఏ ఊరు అని అనుకోనక్కర్లేదు. ఆ మేకుకు ఏం తగిలించాలి?

టైర్ల కింద కంకర కరకరమన్నది.

కాటమయ్య రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. బండి ముందుకు వంగి, ఎడమ చక్రం రోడ్డు అంచున పాతిన తెల్ల రాయిని ఎక్కి, ఒక పక్కకు ఒరిగి ఆగింది. వెనక గిన్నెల సంచి రేకుకు కొట్టుకుంది. తర్వాత ఇంక ఏ చప్పుడూ లేదు.

అక్కడ రోడ్డు కుడికి తిరుగుతుంది. ఎదురెండలో అతనికి ఆ మలుపు ఆనలేదు. ఆమె చెప్పలేదు.

రాయికి రెండడుగుల అవతల, కట్టెల మోపు దించుకుని కూర్చున్న ముసలామె ఒకతె మెల్లగా లేచింది. ఆమె కాళ్ల మీద కంకర పడింది. తర్వాత గొంతెత్తింది.

"కండ్లు నెత్తికెక్కినయా డ్రైవరూ! పట్టపగలు మనిషి గానొస్తలేదా నీకు?"

కాటమయ్య ఆ గొంతు వచ్చిన వైపు తల మొత్తం తిప్పి చూశాడు. వెతికి వెతికి ఆమెను పట్టుకున్నాడు. చేతులు జోడించాడు.

"తప్పయింది అవ్వా."

"తప్పయితే అయింది, పానం వోతె ఎవడిస్తడు?" ముసలామె ఇంకా తిడుతూనే మోపు నెత్తికెత్తుకుని పోయింది.

ఈదమ్మ కుడికి తిరిగిన రోడ్డును చూసింది. మరిచిపోయిందా? లేక నోరే చెప్పనన్నదా? ఆమెకు తెలియలేదు. కాటమయ్య దిగి, బంపరు తడిమాడు, చక్రం తడిమాడు, రాయిని తడిమాడు. రాయికీ ముసలామె కూర్చున్న చోటికీ మధ్య ఎంత ఉందో అడుగులు వేసి చూశాడు. రెండడుగులు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. మిగతా దారంతా పొల్లు పోకుండా చెప్పింది. లేని కోతిని కూడా చెప్పింది.

వటవర్లపల్లిలో ఆగినప్పుడు పది గంటలు దాటింది. అక్కడ ఎప్పుడూ మక్కలు, రాగులు. ఈదమ్మ తొట్టిలో పోస్తోంది, కింద గుడ్డ గొట్టంలోంచి వెచ్చని పిండి డబ్బాల్లోకి జారుతోంది, ఆమె వేళ్లతో నలిపి మెత్తదనం చూస్తోంది. చేతులు పని చేస్తున్నాయి. ఒక చరుపు, రెండు చరుపులు. ఇంజను ఆపాక కాటమయ్య దిగి పోయాడు. రాగులు తెచ్చిన కృష్ణమ్మ అనే ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఏందక్కా, మొగుడూ పెండ్లాలు కొట్లాడిండ్రా? బావ దూరం వోయి చింతచెట్టు కింద నిలవడ్డడు."

"మా ఇద్దర్ల కొట్లాడేటోళ్లు ఎవరున్నరే."

"గదే పెద్ద బీమారి అక్కా. మాటకు మాట లేకుంటె ఇల్లు చల్లవడ్తది."

"మాకు ఇల్లేడిది, చల్లవడనీకె," అన్నది ఈదమ్మ. అని, తనే ఆ మాటకు ఉలికిపడింది.

పిండి దుమ్ము పోవడానికి ఈదమ్మ వెనక తలుపు ఇంకొంచెం తెరిచి చూసింది. కాటమయ్య చింతచెట్టు కింద నిలబడి ఫోను ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో తడిమి తడిమి నొక్కుతున్నాడు. తర్వాత చెవికి పెట్టుకున్నాడు. నాలుగు మాటలు మాట్లాడాడు. అవతలివాళ్లు చెప్పేది చాలాసేపు విన్నాడు. ఫోను జేబులో వేసుకుని, కుడిచేత్తో చెట్టు బెరడును పట్టుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం బండి నీడలో కూర్చుని అన్నం తిన్నారు. అతను పచ్చడి ఎక్కువ వేసుకున్నాడు. ఆమె పళ్లెంలో ముద్ద అట్లాగే ఉంది.

"తిను," అన్నాడు. "నీకు పొద్దటి సంది ఏం లేదు కడుపుల."

ఇప్పుడు చెప్పేస్తాను, అనుకుంది. కుండలో నీళ్లు ముంచుకుని తాగాక చెప్తాను, అనుకుంది. అతను చేయి కడుక్కుని లేచాడు.

మన్ననూర్ చేరేసరికి పొద్దు వాలుతోంది. చెక్‌పోస్టు దగ్గర గార్డు భీమయ్య గేటు ఎత్తుతూ ఎప్పటిలాగే పలకరించాడు.

"ఏం గిర్నవ్వా, అడవిల పులులకు గూడ పిండి వట్టిచ్చి వస్తున్నవా?"

"పట్టిన బిడ్డా. మీ గార్డులు ఎట్లుంటరు, మెత్తగనా గట్టిగనా అని అడిగినయ్."

భీమయ్య పడి పడి నవ్వాడు. కాటమయ్య కూడా నవ్వాడు. అంత హాయిగా అతను నవ్వి చాలా రోజులైంది.

ఎప్పుడూ ఆగేది గుర్వయ్య మెకానిక్ షెడ్డు పక్కన ఖాళీ జాగాలో. అక్కడికే పోనిమ్మని చెప్పబోయింది. కాటమయ్య ముందే అన్నాడు.

"బడి కాడికి చెప్పు. ఆడివిల్లల బడి."

ఆమె అతని వైపు తిరిగింది. అతను ఎదురుగానే చూస్తున్నాడు.

"ఏం పని ఆడ? మొన్ననే పట్టినం గద."

"చెప్పు నువ్వు."

"…ఎడమకు. మెల్లగ. ఇంకొంచెం. ఆపు."

ఇంజను ఆగింది. బడి లోపల పిల్లలు ఆడుకుంటున్న కేకలు గోడ దాటి వచ్చాయి.

"నా కండ్లు వోయినయి గని చెవులు వోలేదు," అన్నాడు కాటమయ్య. "మొన్న మేడం మాట్లాడుతుంటె నేను రేకు అవుతల్నే కూసున్న. ఇంజను బందుంది. అన్ని ఇన్న. నాలుగొద్దుల సంది సూస్తున్న, చెప్తవేమో అని."

ఈదమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఒప్పుకోలేదు," అన్నది ఎట్లాగో. "ఒప్పుకుంటనని అనలేదు."

"అనలేదు. కానీ నీ పానం ఆడనే ఉండె. బండిల లేదు."

"పొద్దుగాల… నేను కావాలని…"

"నాకెరుక. నువ్వు నిదురవోయినా గట్లనే అయితుండె. తప్పు నీది గాదు. కండ్లు లేనోడు బండి తోలుడే తప్పు. రాయి ఉంది గనుక రాయి మీదికి వోయినం. లేకుంటె ఆ ముసల్దాని మీదికి వోదుము. రెండే అడుగులు ఈదీ. నేను కొలిసి సూసిన. ఇగ సాలు."

"నువ్వేడికి వోతవ్?"

"లింగసామికి ఫోన్ జేసిన. అచ్చంపేట బస్టాండుకు వస్తనన్నడు. గుర్వయ్యకు గూడ చెప్పిన, వచ్చి బండి తన జాగల నిలవెడ్తడు. ఎవరన్న కావాలంటె అమ్మిపెడ్తడు. గిర్ని రాళ్లు మంచిగున్నయ్, పోయిన నెలనే గంట్లు కొట్టిన."

"నేను గూడ వస్త."

"యాడికి? ఆ గడపల కాలు వెడ్తవా?"

పెడతాను అన్న మాట ఆమె నాలుక మీదికి వచ్చింది. గంప పక్కకు లాగిన ఆ చెయ్యి కళ్ల ముందు కదిలింది. పంతొమ్మిదేళ్లయినా ఆ చెయ్యికి వయసు రాలేదు.

"పెట్టవ్," అన్నాడు కాటమయ్య. "పెట్టొద్దు గూడ. నాకైతె ఆడ అర్ర ఉంది, అరుగుంది. ఎవడన్న బుక్కెడు వెడ్తడు. నీకేముంది? పో, మేడంకు చెప్పిరా. పొద్దు వోతాంది."

ఆమె దిగింది. గేటులోకి నడిచింది. సుహాసిని మేడం కాగితం మీద ఏదో రాసుకుంటూ, "వచ్చావా, మంచిది. రేపు పొద్దున ఐదింటికి టిఫిను మొదలుపెట్టాలి," అన్నది. తాళంచెవి ఇచ్చింది. ఆ చిన్న తాళంచెవిని ఈదమ్మ పిడికిట్లో పట్టుకుంది. అది చల్లగా ఉంది.

తిరిగి వచ్చేసరికి గుర్వయ్య వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అప్పటికే చీకటి పడుతోంది. కాటమయ్య ఆమె మూట కట్టి గేటు పక్కన పెట్టాడు. తనకు మాత్రం ఒక చేతిసంచి, అందులో రెండు లుంగీలు, కళ్ల చుక్కల మందు. ఆమె మూట ఆమె కట్టుకునే తీరు కంటే వేరుగా, రెండు ముళ్లు వేసి గట్టిగా ఉంది.

"పిండి డబ్బ గూడ అండ్లనే వెట్టిన," అన్నాడు. "పొద్దటిది."

"సగం నువ్వు తీసుకపో."

"ఆడ గిర్ని ఉంది ఊళ్లె."

బస్సు రోడ్డు మీదికి ఇద్దరూ నడిచారు. ఆమె ఎడమ పక్కన, అర అడుగు ముందు. గుంత, అన్నది. రాయి, అన్నది. శ్రీశైలం వైపు నుంచి అచ్చంపేట పోయే బస్సు లైట్లు వేసుకుని వచ్చి ఆగింది. లోపల సగం సీట్లు ఖాళీ.

చుక్కలు మరువకు అనాలి. రాత్రిపూట బయటికి పోకు అనాలి. నలభై ఏళ్ల కాపురానికి ఏం చెప్పి పంపిస్తారో ఆమె ఎన్నడూ వినలేదు.

"మూడు మెట్లున్నయ్," అన్నది. "కుడిచెయ్యి పక్క కడ్డీ ఉంది. పట్టుకో."

అతను పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఎక్కాడు.

"కండక్టర్ సాబ్, జర సీటు సూపెట్టు బిడ్డా," అని ఆమె అరిచింది. "ఆయనకు పక్కలు గానరావు."

ఏడాదిగా దాచిన మాట, అంతమంది ముందు అట్లా బయటికి వచ్చేసింది. కండక్టరు చేయి పట్టుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె ఆ కిటికీ కిందికి వచ్చి నిలబడింది. చేయెత్తింది. కాటమయ్య ఎదురుగా, ముందు సీటు వెనక్కి చూస్తూ కూర్చున్నాడు. ఆమె అతని పక్కన ఉంది. పక్కన ఉన్నది అతనికి కనిపించదు. పిలిస్తే తల తిప్పి వెతుక్కుంటాడు. ఆమె నోరు తెరిచింది. అంతలో బస్సు కదిలింది. ఎర్ర లైట్లు మలుపు దాకా పోయి కుడికి తిరిగాయి.

గుర్వయ్య బండిని అప్పటికే తీసుకుపోయాడు. గేటు ముందు టైర్ల అచ్చులు, వాటి మధ్య కొంచెం పిండి రాలి ఉంది. ఈదమ్మ మూట ఎత్తుకోబోయి ఆగింది. బరువుగా ఉంది. చీరలూ పిండి డబ్బా ఇంత బరువు ఉండవు. నడుముకు ఆనించుకుని లోపలికి మోసుకుపోయింది.

గదిలో లైటు వేసింది. తలుపు మూసింది. గొళ్లెం పెట్టింది. గొళ్లెం పడిన చప్పుడు చిన్నదే, కానీ గది అంతా వినిపించింది. నేల కదలడం లేదు. ఏదీ కట్టాల్సిన పని లేదు. ఆమె అలవాటుగా గోడ మీద అరచెయ్యి పెట్టి, రెండుసార్లు చరిచింది. ఇటుక గోడ. చప్పుడు రాలేదు.

అప్పుడు కూర్చుని మూట విప్పింది. చీరలు, గిన్నె, పిండి డబ్బా, ఈతాకు కుంచె. వాటి అడుగున కాటమయ్య తువ్వాలలో చుట్టి, దారంతో కట్టి, గట్టిగా ఏదో. దారం పళ్లతో తెంపింది.

బండి ఎడమ పక్క అద్దం. పానాతో విప్పి, ఇనప చేయితో సహా తీశాడు. ఆ చీకటిపొద్దులో, ఆ చూపుతో, బోల్టులు తడిమి విప్పి ఉంటాడు. రెండు బోల్టులు కూడా పోకుండా తువ్వాల కొంగున ముడి వేసి ఉన్నాయి.

ఈదమ్మ లేచి, ఇనప చేయిని మేకుకు తగిలించింది. అది సీట్లో కూర్చునే మనిషి ఎత్తుకు వంగి ఉంది. నిలబడ్డ ఆమెకు అందులో తన ముఖం కనిపించలేదు, వెనక మూసి ఉన్న తలుపు కనిపించింది. ఒక మూల పెచ్చు ఊడిన ఆ అద్దం చుట్టూ, రబ్బరు అంచు సందులో, పొద్దటి జొన్నపిండి ఇంకా తెల్లగా ఉంది.